వోల్టులా, వాట్లా: బాబా పొగమిషన్ మీద నా తీర్పు

ఆ రోజుల్లో నా నోటి నుంచి "తెలీదు" అనే మాట రావడం ఎవరూ వినలేదు. వాషింగ్ మిషన్ వాడటం తెలుసా అంటే తెలుసు. మజ్బూస్ వండటం తెలుసా అంటే తెలుసు. (మజ్బూస్ అంటే వీళ్ల మాంసం అన్నం. అప్పటికి నేను దాన్ని తినడం మాట అటుంచి, కంటితో చూసి కూడా ఎరగను.) రాయచోటి పక్క పల్లె నుంచి కువైట్‌కు వచ్చిన రోజే మా పిన్నమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఎవురేం అడిగినా తెలుసనే చెప్పు మే, నేర్చుకునేది తర్వాత సూసుకుందాం" అని ఉపదేశించింది. ఆ ఉపదేశాన్ని నేను ఎంత నిష్ఠగా పాటించానంటే, మూడేళ్లు తిరిగేసరికి ఒక కువైటీ ఇంట్లో ఇద్దరు చదువుకున్న కొడుకుల మధ్య కూర్చుని, వోల్టులు గొప్పవా వాట్లు గొప్పవా అని తీర్పు చెప్పే స్థితికి చేరుకున్నాను. అది ఎట్లా జరిగిందో చెబుతాను.

నేను పనిచేసిన ఇంట్లో ముసలి దంపతులు ఉండేవారు. ఇంటి యజమానురాలిని ఇక్కడ మనవాళ్లందరూ మామా అనే పిలుస్తారు, ఆయన్ని బాబా అంటారు. కొడుకులిద్దరూ పెళ్లిళ్లయి వేరే ఇళ్లలో ఉండేవారు, శుక్రవారం భోజనానికి తప్పకుండా వచ్చేవారు. బాబాకు మోకాళ్లు అరిగిపోయాయి. ఇంటి ముందున్న దివానియాకు, అంటే మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే పెద్ద గదికి, పోవడానికి కూడా నా భుజమో గోడో కావాలి. డాక్టరు మోకాలు మార్చాలన్నాడు, కానీ సిగరెట్టు మానితేనే కత్తి పట్టుకుంటానన్నాడు. పొగ తాగేవాళ్లకు గాయం సరిగా మానదట. బాబాకేమో మీసం రాకముందు నుంచీ ఆ అలవాటు. మామా ఒకరోజు వంటింట్లో నిలబడి లెక్క తేల్చేసింది. సిగరెట్టు ఖలాస్ అయితే ఆపరేషన్, బాబా లేచి నడిస్తే నా సఫర్. సఫర్ అంటే నేను ఇంటికి పోయే సెలవు.

మా పాపను చంకబిడ్డగా ఉన్నప్పుడే మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. ఫోన్‌లో నన్ను "కువైటమ్మ" అనేది, మా అమ్మను "అమ్మ" అనేది. ఆ వేసవి పోతే బడిలో వేయాలి. మొదటి రోజు నా చేత్తో పట్టుకుని బడికి తీసుకుపోవాలని నేను గట్టిగా అనుకున్నాను. ఇంకేముంది, నాకూ మా పాప బడికీ మధ్యలో ఒక సిగరెట్టు పెట్టె అడ్డం ఉంది. దాని అంతు చూడనిదే నిద్రపోకూడదని నిశ్చయించుకున్నాను.

మొదట వెతికి పారేసే పద్ధతి పెట్టాను. బాబా పూలకుండీలో దాస్తే పూలకుండీ తవ్వాను. పాత రేడియో వెనక రేకు విప్పి దాస్తే రేడియో విప్పాను. ఒంటెతోలు దిండు కుట్టు విప్పి అందులో దాచారు. నేను ఆ దిండును ఎండలో వేయడానికని తీసి, చేతికి తగిలిన గట్టితనం చూసి, అక్కడే కూర్చుని కుట్టు ఊడదీశాను. బాబా నన్ను మబాహిస్ అని పిలవడం మొదలుపెట్టారు, అంటే సీఐడీ అన్నమాట. ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా నన్ను ఆ పేరుతోనే పరిచయం చేసేవారు. నాకు లోపల గర్వంగానే ఉండేది. కానీ నేను ఒకటి పట్టుకుంటే ఆయన దివానియాకు వచ్చే స్నేహితుల దగ్గర రెండు తీసుకునేవారు. పద్ధతి మార్చాలని నాకూ అర్థమైంది, కొడుకులకూ అర్థమైంది.

ఒక శుక్రవారం భోజనాలయ్యాక పెద్దకొడుకు జేబులోంచి లావు పెన్ను లాంటిది తీసి బాబా ముందు పెట్టాడు. సిగరెట్టు బదులు దీన్ని పీల్చాలి, లోపల ఒక చిన్న తీగచుట్ట వేడెక్కి ద్రవాన్ని ఆవిరి చేస్తుంది, నిప్పు లేదు బూడిద లేదు అని చెప్పాడు. అడుగున ఒక రింగు ఉంది. తిప్పితే మూడు నుంచి ఐదు దగ్గరిదాకా వోల్టులు పెరుగుతాయి. ఆయన మాట ఇంకా పూర్తికాకముందే చిన్నకొడుకు నవ్వి, తన సంచీలోంచి సబ్బుపెట్టె అంత మిషన్ ఒకటి తీశాడు. దానికి చిన్న తెర, తెర మీద అంకెలు. అది వాట్ల మిషన్ అట. అన్నదమ్ములిద్దరూ ఒకరికి చెప్పకుండా ఒకరు అదే ఆలోచనతో వచ్చారు. బాగుంది కదా అనుకుంటే, ఏది మంచిదన్న దాని మీద మాట మొదలై, టీ చల్లారి, మళ్లీ నేను పెట్టిన టీ కూడా చల్లారింది. బాబా రెండింటినీ చూడకుండా ఖర్జూరాలు తింటున్నారు. చివరికి మామా చెయ్యెత్తి, ఈ ఇంట్లో రెండు మిషన్లు ఉండవు, ఒకటే ఉంటుంది, కడిగేది నింపేది ఛార్జింగ్ పెట్టేది ఈ పిల్ల, కాబట్టి ఏది కావాలో ఈ పిల్లే చెబుతుంది అంది. నా వైపు తిరిగి, "నీకు వీటి సంగతి తెలుసా?" అని అడిగింది.

తెలుసు మామా అన్నాను. ఇంకేమంటాను?

ఆ వారం నా బతుకు జడ్జి బతుకైంది. పెద్దకొడుకు ఆఫీసు నుంచి పోతూ పోతూ వంటింటి గుమ్మం దగ్గర ఆగి తన వాదన వినిపించేవాడు. ఆయన ఇంజనీరు. వోల్టులు మన చేతిలో ఉంటే అంతా మన చేతిలో ఉన్నట్టే, మనిషి తిప్పాలి, మిషన్ వినాలి అనేవాడు. మధ్యలో ఓం నియమం అనేవాడు. ఆ నియమం మా బడిలో కూడా చెప్పారు. సార్ అది చెప్పిన రోజు నేను మా మేనత్త కూతురి పెళ్లిలో లడ్లు చుడుతున్నాను. చిన్నకొడుకు ఫోన్‌లోనే వాదించేవాడు. ఎన్ని వాట్లు కావాలో చెబితే చాలు, ఏ తీగచుట్టకు ఎన్ని వోల్టులు ఇవ్వాలో మిషనే లెక్క వేసుకుంటుంది, ముసలాయన తిప్పుకుంటూ కూర్చోవాలా అనేవాడు. నేను ఇద్దరి మాటా శ్రద్ధగా విని, ఉల్లిపాయలు కోస్తూ, "ఐవా, ఐవా" అని తల ఊపేదాన్ని. (ఐవా అంటే అవును. అరబ్బీలో నాకు బాగా వచ్చిన మాట అదే.) ఇద్దరూ నేను తమ పక్షమే అనుకుని సంతోషంగా పోయేవారు.

సెలవు రోజు రాగానే ఫర్వానియాలో పిన్నమ్మ వాళ్లను కలిశాను. పిన్నమ్మ భర్త, మా చిన్నాయన, సబ్హాన్‌లో ఒక వర్క్‌షాపులో కరెంటు పనికి సాయంగా పోయేవాడు. ఊళ్లో ఉన్నప్పుడు బోరు మోటార్లకు తీగ చుట్టేవాడు. రెండు మిషన్ల సంగతీ చెప్పి, ఏది పెద్దది చిన్నాయనా అని అడిగాను. ఆయన హోటల్లో దోసె తుంచుతూ చాలాసేపు ఆలోచించాడు.

"సూడు పాపా, వోల్టంటే తోసే బలం. వాట్టంటే జరిగే పని. తోసేది ఒకటే అయినా, ముందరుండే బండి తేలికైతే ఎక్కువ దూరం పోతాది, బరువైతే తక్కువ పోతాది. నువ్వు తోసే బలం సెప్తావా, పోవాల్సిన దూరం సెప్తావా, అంతే తేడా."

ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు. నాకు వెంటనే అంతా తెలిసిపోయినట్టు అనిపించింది. మరి ఏది తీసుకోవాలి అన్నాను. "అది నాకెట్ల తెలుచ్చాది, నేను బీడీ కూడా తాగను" అన్నాడు చిన్నాయన. పిన్నమ్మ మధ్యలో వచ్చి, రెండూ కాకుండా నాలుగు లవంగాలు నోట్లో వేసుకోమని చెప్పు అంది. ఆ సలహా ఖర్చులేనిది కాబట్టి నేను లెక్కలోకి తీసుకోలేదు.

ముందుగా పెన్ను మిషన్ పరీక్షకు పెట్టాను. పెద్దకొడుకు నాలుగు దాటి కొంచెం పైన రింగు పెట్టి ఇచ్చాడు. బాబా మొహం చిట్లించుకుంటూ మొదలుపెట్టి, రెండు మూడు రోజుల్లో అలవాటు పడ్డారు. సిగరెట్లు సగానికి తగ్గాయి. నేను తీర్పు పెద్దకొడుకు వైపే ఇచ్చేద్దామనుకుంటూ ఉండగా లోపలి తీగచుట్ట పాతబడి చేదు వాసన మొదలైంది. దజీజ్ బజారుకు పోతున్న పక్కింటి డ్రైవరుతో కొత్తది తెప్పించాను. చూడటానికి అచ్చం పాతదానిలాగే ఉంది, మర సరిగ్గా బిగిసింది. పక్కన చెక్కిన అంకె మాత్రం పాతదాని మీద ఉన్నదానికి సగం ఉంది. అది సైజు అనుకున్నాను. చెప్పుల మీద నంబరు ఉన్నట్టు. అంకె సగమైతే ఆ తీగ సగమే అడ్డుకుంటుందని, అదే వోల్టులకు రెండింతల మంట పుడుతుందని, చిన్నాయన చెప్పిన తేలిక బండి ఇదేనని నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం దివానియా నిండా జనం. బాబా స్నేహితులందరి ముందూ మిషన్ తీసి, పాత అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని గట్టిగా ఒక్క గుక్క పీల్చారు. నేను అప్పుడు గుమ్మం దగ్గర టీ పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ద్రవం పీల్చుకునే లోపలి దూది మాడిపోయింది. బాబా కళ్లు తెరిచారు, కళ్లలో నీళ్లు, గొంతులోంచి పాత లారీ స్టార్టయ్యే చప్పుడు. ఒక ముసలాయన వీపు చరుస్తున్నాడు, ఒకాయన నీళ్లు పోస్తున్నాడు, ఇంకొకాయన తన సిగరెట్టు పెట్టె తీసి మందు ఇచ్చినట్టు ఇస్తున్నాడు. ఇంతలో మామా ఇంట్లోంచి ముక్కు ఎగబీలుస్తూ వచ్చి, అన్నం మాడ్చావా అని నన్ను అడిగింది. లేదు మామా, బాబాను మాడ్చాను అని చెప్పేంత అరబ్బీ నాకు రాదు కాబట్టి బతికిపోయాను.

మరుసటి శుక్రవారం తీర్పు చెప్పాను. భోజనాల తర్వాత అందరూ కూర్చున్నారు. నేను చేతులు తుడుచుకుని, వోల్టుల మిషన్‌కు బుద్ధి లేదు, ఎదురుగా ఏ తీగ ఉందో చూసుకోదు, వాట్ల మిషన్ చూసుకుంటుంది, బాబాకు అదే మంచిది అని, నాకొచ్చిన అరబ్బీలో, రానిచోట చేతులు తిప్పి, గంభీరంగా చెప్పాను. చిన్నకొడుకు చప్పట్లు కొట్టాడు. పెద్దకొడుకు, వాట్ల మిషన్ కూడా లోపల వోల్టులే కదా మార్చేది అని ఏదో అనబోతే మామా ఖలాస్ అంది. ఇకమీదట ఈ మిషన్ మీద ఈ పిల్ల తప్ప ఎవరూ చెయ్యి పెట్టకూడదని కూడా అంది. ఆ క్షణంలో నా తల పైకప్పు దాకా పెరిగింది.

తీర్పు సరైనదే. ఇప్పటికీ అదే చెబుతాను. తిప్పలు పడింది ఆ తర్వాతే. తెర మీద అంకె ఎంత పెట్టాలి? దాని మీద ఏడు నుంచి పైకి చాలా ఉన్నాయి. దివానియాలో బాబా దగ్గిన చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. ఏడు దగ్గర పెట్టాను. భయంతో పెట్టి, తర్వాత దానికి ఒక శాస్త్రం కూడా కల్పించుకున్నాను. పులుసు సన్నమంట మీద ఉడికితేనే రుచి దిగుతుంది, పెద్దమంట పెట్టేవాళ్లకు వంట రాదు, పొగైనా అంతే. ఒకసారి చిన్నకొడుకు తెర చూసి, కొంచెం పెంచితే బాగుంటుందేమో అన్నాడు. నేను మామా వైపు చూశాను. మామా కొడుకు వైపు చూసింది. అతను మాట మార్చాడు.

రోజూ పొద్దున బాబా కుర్చీ పక్కన కింద కూర్చుని మిషన్ నింపేదాన్ని. నింపుతూ ఊరికే ఉండలేను కదా, మా పాప సంగతులు చెప్పేదాన్ని. నిన్న ఫోన్‌లో ఏమంది, ఎన్ని అక్షరాలు వచ్చాయి, బడి ఎప్పుడు తెరుస్తారు, బడి అంటే ఎట్లా భయపడుతోంది. బాబా వింటూ మిషన్ అందుకుని, బుగ్గలు లోపలికి పోయేట్టు పీల్చి, కొంచెంసేపు ఎటో చూసి, "జేన్" అనేవారు. అంటే బాగుందని. రోజులు గడిచాయి, వారాలు గడిచాయి. దిండు కుట్టు ఊడలేదు, పూలకుండీ మట్టి కదలలేదు. స్నేహితులు సిగరెట్టు చూపినా చెయ్యి అడ్డం పెట్టేవారు. కొన్నాళ్లు ఊరికే చిరాకుపడ్డారు, టీలో చక్కెర తక్కువని నన్ను, టీవీ శబ్దం ఎక్కువని మామాను తిట్టారు. తర్వాత అదీ తగ్గింది. దగ్గు పోయింది. నేనేమో వీధిలో వంటపనివాళ్లకూ డ్రైవర్లకూ వాట్ల మీద పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. పిల్లిగడ్డం పెట్టుకున్న ఒక హైదరాబాదీ డ్రైవరు నన్ను మేడం అని పిలిచి తన మిషన్ చూపించాడు కూడా. దాన్నీ సన్నమంటకు దించమన్నాను. ఆ తర్వాత అతను మళ్లీ కనిపించలేదు.

చివరికి ఆస్పత్రికి పోయే రోజు వచ్చింది. బాబాను పట్టుకోవడానికి నన్నూ తీసుకుపోయారు. డాక్టరు ఈజిప్టు మనిషి, మాట మెత్తన, పని కచ్చితం. సిగరెట్టు మానారా అని అడిగాడు. మామా గర్వంగా పూర్తిగా మానారని చెప్పి, సంచీలోంచి మిషన్ తీసి బల్ల మీద పెట్టింది. ఎవరు చూసుకుంటున్నారు అని అడిగితే నన్ను చూపించింది. నేను పైట సర్దుకున్నాను.

డాక్టరు మిషన్ చేతిలోకి తీసుకుని, ఇది కూడా మానాలి, ఇందులో ఉన్నదీ నికోటినే, గాయానికి అదే శత్రువు, మానాక కొన్ని వారాలు ఆగి అప్పుడు చూద్దాం అన్నాడు.

కొన్ని వారాలు ఆగితే ఆపరేషన్ వెనక్కి, నా సఫర్ ఇంకా వెనక్కి, మా పాప బడి మొదటి రోజు ఎక్కడో కనబడకుండా పోయింది. వోల్టులూ వాట్లూ అంటూ అన్ని రోజులు తిరిగింది దేనికి? సిగరెట్టు తీసి పక్కన పెట్టి, దాని తమ్ముణ్ని తెచ్చి కూర్చోబెట్టానన్నమాట. మామా మెల్లగా నా వైపు తిరిగింది. ఆ చూపుకు నేను గోడకు ఉన్న ఎముకల బొమ్మను చదవడం మొదలుపెట్టాను.

అప్పుడు బాబా నవ్వారు. ఆయన అట్లా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు, భుజాలు కదిలిపోతున్నాయి.

"ఇందులో ఏముంది దక్తూర్ మానడానికి? ఈ పిల్ల చేతికి వచ్చిన రోజు నుంచీ నేను ఉత్త గాలి పీలుస్తున్నాను" అన్నారు.

డాక్టరు తెర చూశాడు, లోపలి తీగచుట్ట మీద అంకె చూశాడు. ఆయన తమ్ముడికి ఇదే పిచ్చి అట. ఇంత లావు తీగకు కనీసం దీనికి మూడింతలు కావాలి, ఏడు దగ్గర ఇది గోరువెచ్చగా కూడా కాదు అని ఆయనా నవ్వడం మొదలుపెట్టాడు. మామాకు నవ్వు రాలేదు. ఇన్ని వారాలు పనిచేయని మిషన్ పీలుస్తూ కూర్చుని, ఒక్క మాట ఎందుకు చెప్పలేదని బాబాను నిలదీసింది.

బాబా కుర్చీ చేతిని తడిమి, నా వైపు చూడకుండానే అన్నారు.

"దీని కూతుర్ని బడిలో వేస్తారట. మిషన్ పనిచేయడం లేదంటే నేను మళ్లీ సిగరెట్టు అడుగుతాను, నువ్వు దీన్ని పంపవు. అందుకని పీలుస్తూ కూర్చున్నాను. కూర్చోగా కూర్చోగా కోరికే పోయింది."

నాకు అరబ్బీ అంతా రాదని చెప్పాను కదా, ఆ మాటలు మాత్రం ఒక్కటి కూడా జారిపోకుండా అర్థమయ్యాయి. రోజూ పొద్దున నా పక్కన కూర్చుని, ఏమీ రాని మిషన్‌ను బుగ్గలు నొప్పిపుట్టేలా పీల్చి, నా మొహం చూసి, బాగుందని చెప్పిన మనిషి. నేను ఆయన్ని మాన్పిస్తున్నానని ఊరంతా చాటుకుంటూ ఉంటే, ఆయన నాకోసం తనంతట తానే మానుకుంటున్నారు. నేను ఆస్పత్రి అని కూడా చూడకుండా ఏడ్చాను. మామా తన సంచీలోంచి కాగితం రుమాలు తీసి నాకు ఇచ్చి, తనూ ఒకటి తీసుకుంది.

డాక్టరు రక్తం పరీక్ష చేయించి చూసి, చాలు అన్నాడు. ఆపరేషన్ అనుకున్నప్పుడే జరిగింది. కర్ర పట్టుకుని బాబా ముంగిలి దాటి దివానియాకు ఒంటరిగా పోయిన రోజు, ఆయన స్నేహితులు లేచి నిలబడ్డారు. ఆ తర్వాత మామా నా టికెట్టు తీసింది. బడి తెరిచే రోజుకు నేను ఊళ్లో ఉన్నాను. మా పాప నా చెయ్యి పట్టుకోలేదు, కొత్త మనిషినని మా అమ్మ చెయ్యే పట్టుకుంది. బడి గుమ్మం దగ్గరికొచ్చాక మాత్రం, లోపల పిల్లల అరుపులు విని భయపడి, వెనక్కి ఒక అడుగు వేసి నా కొంగు పట్టుకుంది. నాకు అంతే చాలింది.

బాబా తర్వాత చాలా ఏళ్లు నడిచారు. ఈద్ రోజున ఎవరైనా ఇస్తే ఒక సిగరెట్టు కాల్చేవారని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఇప్పుడు ఆయన లేరు. నేను వేరే ఇంట్లో పనిచేస్తున్నాను. మా పాప నాకంటే పొడవైంది.

అప్పుడప్పుడు మధ్యాహ్నం పని తెమిలాక టీ కప్పు పట్టుకుని కూర్చుంటే, ఆ ఇంటి వంటింట్లో ఉల్లిపాయలు కోస్తూ ఇద్దరు పెద్దమనుషుల వాదనలు వింటున్న ఆ అమ్మాయి కళ్ల ముందుకు వస్తుంది. ఎంత తెలివి తక్కువ, ఎంత పట్టుదల. ఆమె పక్కన ఒక పీట వేసుకుని కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. వాట్ల గురించి ఆమె చెప్పేదంతా వింటాను, తల ఊపుతాను. ఏదీ సరిదిద్దను.